బరువుంటే సరిపోదు... దారి కూడా ఉండాలి!

రాత్రి పదింటికి మాల్‌లో షట్టర్లు దించుతారు. తెల్లారేసరికి ఓ పెద్ద దుకాణంలోని పాత టైల్స్ అన్నీ లేచిపోవాలి. చేతి బ్రేకర్లతో పదిమందిని దించినా తెమిలే పని కాదు. అలాంటి చోట కాంట్రాక్టర్‌ను గట్టెక్కించేదే కూర్చుని నడిపే ఫ్లోర్ స్క్రాపర్. ముందు పదునైన బ్లేడు, వెనక సీటు... చూడ్డానికి బుల్లి బుల్డోజర్‌లా ఉంటుంది. అమెరికా, ఐరోపాల్లో దీని వాడకం ఎక్కువ. మన దగ్గర చాలాచోట్ల ఇంకా సుత్తి, ఉలి, బ్రేకర్లదే రాజ్యం.

మరి ఏ సైజు తెచ్చుకోవాలి? 'పెద్దదైతే పని త్వరగా అయిపోతుంది' అనుకోవడం సహజం. అందులో కొంత నిజం లేకపోలేదు. బ్లేడు టైలు కిందికి దూరాలంటే దాన్ని నొక్కిపట్టే బరువుండాలి. చక్రాలు జారకూడదు. అందుకే వీటిలో చిన్నవి అర టన్నుకు అటూఇటూ ఉంటే, పెద్దవి రెండు టన్నులు దాటిపోతాయి. కార్పెట్, వినైల్ లాంటివాటికి చిన్నది చాలు. సిమెంటు పట్టేసిన సిరామిక్ టైల్స్ అయితే బరువైనదే కావాలి.

కానీ అసలు చిక్కు యంత్రాన్ని పైకి చేర్చడంలో ఉంది. మన దగ్గర చాలా లిఫ్టుల్లో మనిషికి 68 కిలోల చొప్పున లెక్కేశారు. అంటే 13 మంది పట్టే అలాంటి లిఫ్టు మోసేది 884 కిలోలే. టన్ను యంత్రం అందులో ఎక్కదు. కొన్ని మోడళ్లలో అదనపు బరువులను విడదీసి వేరుగా తీసుకెళ్లొచ్చు. తలుపు వెడల్పూ ముఖ్యమే. దారిలో అన్నిటికన్నా ఇరుకైన గుమ్మం ఏదో, కొలవాల్సింది దాన్నే.

ఆ తర్వాత శ్లాబు. ఇళ్లలో గదుల శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు భారం మోసేలా డిజైన్ చేస్తారు. దుకాణాలకు దానికి రెట్టింపు. యంత్రం బరువంతా మూడు నాలుగు చక్రాల మీదే పడుతుంది. కాబట్టి పై అంతస్తుల్లో ఇంజినీరును అడగకుండా దించితే పగిలేది టైల్స్ మాత్రమే కాకపోవచ్చు!

ఇంధనం సంగతీ చూసుకోవాలి. గ్యాస్, డీజిల్ ఇంజిన్లు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. రంగూ వాసనా లేని ఆ విషవాయువు మూసిన గదిలో ప్రాణాల మీదకు తెస్తుంది. ఆసుపత్రులు, ఆఫీసుల్లాంటి చోట బ్యాటరీ యంత్రమే మేలు. కాకపోతే ఛార్జింగ్ షిఫ్టంతా వస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

యంత్రం నడుముల్ని కాపాడుతుంది గానీ ఊపిరితిత్తుల్ని కాదు. టైల్స్, కాంక్రీటు ధూళిలోని సిలికా సన్నటి రేణువులు సిలికోసిస్ తెచ్చిపెడతాయి. దాన్ని నయం చేసే మందు లేదు. అందుకే అమెరికా 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం, ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాములు మించకూడదు. యంత్రంతో పాటు వ్యాక్యూమ్, మాస్కుల ఖర్చునూ కొటేషన్‌లో కలుపుకోవాల్సిందే. పాత వినైల్ టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించాకే బ్లేడు పెట్టాలి.

అద్దెకు బేరమాడే ముందు ఓ మూల నాలుగు టైల్స్ చేత్తో లేపి చూస్తే, ఎంత గట్టిగా పట్టుకున్నాయో తెలిసిపోతుంది. గుమ్మం, లిఫ్టు, శ్లాబు, గాలి... ఈ నాలుగూ చూసుకున్నాకే యంత్రం మాట. లేదంటే తెల్లారేసరికి టైల్స్ అక్కడే ఉంటాయి, యంత్రం కిందే ఉంటుంది!