నిర్దోషికి బాకీ పడిన మాట

ఐరోపా ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ ఫైనల్ 2016 జూలై 10న పారిస్ శివార్లలోని స్టాడ్ దె ఫ్రాన్స్ మైదానంలో జరిగింది. ఆతిథ్య జట్టు ఫ్రాన్స్ అదనపు సమయంలో ఒకే ఒక్క గోలు తేడాతో పోర్చుగల్ చేతిలో ఓడిపోయింది. అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు, ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక ప్రకటన చేసింది. ఫ్రాన్స్ రక్షణశ్రేణి ఆటగాడు మమదూ సాఖోపై నడుస్తున్న నిషిద్ధ ఔషధ కేసును కొట్టివేశామన్నది దాని సారాంశం. అప్పటికి రంజాన్ పండుగ వెళ్లి రెండు రోజులైంది. ఫ్రాన్స్ జట్టు ఎంపికై ఎనిమిది వారాలు గడిచాయి. టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ మాత్రమే మిగిలి ఉంది.

మైనారిటీల హక్కుల కోసం నడిచే పత్రికలో ఫుట్‌బాల్‌కు చోటెందుకని పాఠకులకు అనిపించవచ్చు. సాఖో ఉదంతంలో నన్ను ఆకర్షించింది ఆట కాదు, దస్తావేజు. మనిషిపై అభియోగం మోపడానికి ఎంత సమయం పడుతుంది, దాన్ని ఎత్తివేయడానికి ఎంత పడుతుంది, ఎత్తివేసిన తరువాత కూడా ఏది మిగిలిపోతుంది అన్న మూడు ప్రశ్నలకు ఈ ఒక్క కేసులో తారీఖులతో సహా జవాబులున్నాయి.

సాఖో 1990 ఫిబ్రవరి 13న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు సెనెగల్ నుంచి వలస వచ్చినవారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. పన్నెండేళ్లకు పారిస్ సెయింట్ జర్మెయిన్ క్లబ్ శిక్షణ కేంద్రంలో చేరాడు. 2007 అక్టోబరులో, పద్దెనిమిదేళ్లు నిండకముందే, ఫ్రాన్స్ మొదటి శ్రేణి లీగ్ మ్యాచ్‌లో ఆ క్లబ్‌కు నాయకత్వం వహించాడు. ఆ లీగ్‌లో అంత చిన్న వయసులో కెప్టెన్ అయినవాడు అప్పటికి మరొకడు లేడు. ఆయన నమాజు, ఉపవాసం పాటించే ముస్లిం. ఆ సంగతి దాచుకోలేదు, చాటింపూ వేసుకోలేదు.

2013 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్‌కు మారాడు. అదే ఏడాది నవంబరులో ఫ్రాన్స్ జట్టు ప్రపంచ కప్‌కు వెళ్లలేని స్థితికి వచ్చింది. ఉక్రెయిన్‌తో మొదటి మ్యాచ్‌లో 2-0 తేడాతో ఓడింది. నవంబరు 19న పారిస్‌లో జరిగిన రెండో మ్యాచ్‌లో ఫ్రాన్స్ 3-0తో గెలిచింది. ఆ మూడింటిలో రెండు గోల్స్ సాఖో ఖాతాలో పడ్డాయి. గోల్స్ ఆపడం పనిగా ఉన్న మనిషి గోల్స్ కొట్టి దేశాన్ని ప్రపంచ కప్‌కు చేర్చాడు. ఫ్రాన్స్ తరఫున ఆయన కొట్టిన గోల్స్ ఆ రెండే. ఆ రాత్రి ఆయన ఎక్కడి వాడని ఎవరూ అడిగి ఉండరు. వలసవచ్చిన కుటుంబాల పిల్లలు గెలిపించిన రోజున ఆ దేశానికి బిడ్డలు, ఓడిన మర్నాడు పరాయివాళ్లు. ఫ్రాన్స్‌లో ఇది పాత కథే. మనకు మాత్రం కొత్తదా?

ఇక అసలు విషయానికి వద్దాం.

2016 మార్చి 17న యూరోపా లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన మ్యాచ్ తరువాత సాఖో నుంచి పరీక్ష కోసం నమూనా తీసుకున్నారు. ఏప్రిల్ 14న డార్ట్‌మండ్‌పై లివర్‌పూల్ 4-3తో గెలిచిన మ్యాచ్‌లో మూడో గోలు ఆయనదే. ఆ క్లబ్ అభిమానులు నేటికీ చెప్పుకొనే రాత్రి అది. మరో వారం తిరగగానే ఆయన నమూనాలో హైజినమైన్ అనే పదార్థం దొరికిందన్న వార్త వచ్చింది. ఒంట్లో కొవ్వు తగ్గడానికి వాడిన ఒక సప్లిమెంటు నుంచి అది వచ్చింది. ఆయన దాపరికం చేయలేదు. రెండో నమూనాను పరీక్షించమని కోరనూ లేదు. ఏప్రిల్ 28న ఐరోపా సమాఖ్య ముప్పై రోజుల తాత్కాలిక నిషేధం విధించింది. మే 18న యూరోపా లీగ్ ఫైనల్ సాఖో లేకుండానే జరిగిపోయింది. సెవిల్లా చేతిలో లివర్‌పూల్ 3-1తో ఓడింది.

మే 12న ఫ్రాన్స్ కోచ్ దిదియే దెషాం ఐరోపా చాంపియన్‌షిప్‌కు జట్టును ప్రకటించారు. అందులో సాఖో పేరు లేదు. తరువాత గాయాల వల్ల రక్షణశ్రేణిలోని రఫాయెల్ వరాన్, జెరెమీ మాత్యూ ఒకరి వెనుక ఒకరు తప్పుకున్నారు. రెండు ఖాళీలు ఏర్పడ్డాయి. నిషేధం గడువు మే 28తో ముగిసింది, సమాఖ్య దాన్ని పొడిగించలేదు. సరిగ్గా ఆ రోజే మాత్యూ స్థానంలో శామ్యూల్ ఉమ్‌టిటిని పిలిచారు. ఉమ్‌టిటి క్వార్టర్ ఫైనల్ మొదలు ఫైనల్ దాకా ఆడాడు, చక్కగానే ఆడాడు. అతణ్ణి గాని, కోచ్‌ను గాని తప్పుపట్టే పని నాకు లేదు. కేసు ఇంకా తేలని ఆటగాణ్ణి ఏ కోచ్ అయినా పక్కన పెట్టేస్తాడు. తాత్కాలిక చర్యకు ఉన్న బలం అదే. అది కాగితం మీద ముప్పై రోజులకు ముగుస్తుంది, మనుషుల మనసుల్లో ముగియదు.

చివరకు విచారణలో తేలింది ఏమిటంటే, హైజినమైన్ పేరు ఆనాటి నిషిద్ధ పదార్థాల జాబితాలో లేనే లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, ఏటా ఒక జాబితా ప్రచురిస్తుంది. నిషిద్ధమైన వర్గాలను చెప్పి, వాటికి ఉదాహరణగా కొన్ని పేర్లు ఇస్తుంది. హైజినమైన్ కొన్ని మొక్కల్లో సహజంగా ఉండే పదార్థం. అది ఫలానా వర్గం కిందికే వస్తుందని వాడా వాదన. సమాఖ్య క్రమశిక్షణ సంఘం నిపుణుల మాట విని, ఆ వాదనను అంగీకరించలేదు. వాడా పై మెట్టుకు అప్పీలు చేయలేదు. మరుసటి ఏడాది, 2017 జాబితాలో, హైజినమైన్ పేరును స్పష్టంగా చేర్చారు.

ఈ చివరి వాక్యాన్ని పాఠకులు మరొకసారి చదవాలని నా మనవి. ముందు శిక్ష, తరువాత నిబంధన. ఒక పని చేసిన నాటికి అది నేరమని చట్టంలో లేకపోతే దానికి శిక్ష వేయరాదని మన రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. క్రీడా సంస్థలకు రాజ్యాంగం వర్తించదు, నిజమే. అయినా మనిషి బతుకుతెరువును ఆపగల అధికారం ఎవరి చేతిలో ఉన్నా ఈ పాటి నియమం వారికి ఉండి తీరాలి.

ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి కనుక సస్పెన్షన్ అనే మాట వినగానే నాకు కొన్ని పాత కాగితాలు గుర్తొస్తాయి. సస్పెన్షన్ శిక్ష కాదని మా నిబంధనలు చెప్పేవి. విచారణ సాఫీగా సాగడానికి చేసే ఏర్పాటు మాత్రమేనట. ఉద్యోగి నలభై ఎనిమిది గంటలకు మించి పోలీసు కస్టడీలో ఉంటే చాలు, సస్పెండయినట్టే లెక్క. శిక్ష కాదన్న ఆ ఏర్పాటులో సగం జీతం భత్యంగా వస్తుంది, పిల్ల పెళ్లి సంబంధం వెనక్కి పోతుంది, వీధిలో సలాం చేసేవాళ్లు తగ్గిపోతారు. నిర్దోషిగా తేలితే ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తూ ఉత్తర్వు ఇస్తారు. అందులోనూ మెలిక ఉంది. కోర్టు గౌరవప్రదంగా విడుదల చేసిందా, లేక సంశయలబ్ధి మీద వదిలిపెట్టిందా అని చూస్తారు. విడుదలైనవాడు ఇంటికి వచ్చినా ఫైల్లో ఆ రెండు మాటల మధ్య తగవు నడుస్తూనే ఉంటుంది.

సాఖో విషయంలోనూ అదే జరిగింది. క్రమశిక్షణ సంఘం కేసు కొట్టివేసిన తరువాత వాడా ఊరుకోలేదు. 2016 ఆగస్టులో ఒకసారి, 2017 ఏప్రిల్‌లో మరొకసారి, విలేకరులు అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపింది. సాఖో నిబంధనను ఉల్లంఘించాడన్న అర్థం ఆ జవాబుల్లో ఉంది. తీర్పు ఒకటి, తీర్పు చేతికి వచ్చాక కూడా దాని పక్కన రాసే వ్యాఖ్య మరొకటి. మొదటిదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. రెండోదాన్ని ఎవరూ మరచిపోరు.

ఈ నడుమ ఆయన వృత్తి చెదిరింది. 2016 జూలైలో అమెరికా పర్యటన నుంచి లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ ఆయన్ను వెనక్కి పంపేశారు. విమానానికి, ఒక భోజన సమావేశానికి ఆలస్యంగా వచ్చాడని, చికిత్సకు రాలేదని కారణాలు చెప్పారు. ఇక్కడ సాఖో తప్పు లేదని నేను వాదించను. సమయపాలన లేని ఆటగాణ్ణి దారిలో పెట్టే హక్కు కోచ్‌కు ఉంది. కానీ ఆ తప్పుకు ఔషధ అభియోగంతో సంబంధం లేదు. వేరుగా చూడవలసిన ఆ రెంటినీ లోకం ఒక్క మూటగా కట్టేసింది. ఆయన మరి లివర్‌పూల్‌కు ఆడలేదు. 2017 జనవరి చివర క్రిస్టల్ ప్యాలెస్‌కు అరువు మీద వెళ్లి, ఆ వేసవి ముగిసే నాటికి ఆ క్లబ్‌లోనే స్థిరపడ్డాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సాఖో ముస్లిం కావడం వల్లనే ఇలా జరిగిందని నేను అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. ఆధారం లేని ఆరోపణ గురించి రాస్తూ నేనే ఆధారం లేని ఆరోపణ చేయలేను. ఎవరైనా వార్త తెస్తే నిర్ధారించుకున్న తరువాతనే నమ్మాలన్న ఆదేశం సూరా హుజురాత్‌లో ఉంది. అది మనపై వచ్చే వార్తలకు ఎంత వర్తిస్తుందో మనం ఇతరులపై చెప్పే వార్తలకూ అంతే వర్తిస్తుంది. మన సభల్లో, మన వాట్సాప్ బృందాల్లో ఈ రెండో సగం తరచు మరుగున పడుతోంది.

సాఖో ఆ వ్యాఖ్యలను వదిలిపెట్టలేదు. లండన్ హైకోర్టులో వాడాపై పరువునష్టం దావా వేశాడు. 2020 నవంబరులో రాజీ కుదిరింది. ఆయన నిబంధనను ఉల్లంఘించలేదని, మోసం చేయలేదని, సద్భావంతోనే నడుచుకున్నాడని వాడా ఒప్పుకుంది. ఆ మాటలు అనకుండా ఉండవలసిందని అంగీకరించి క్షమాపణ చెప్పింది, నష్టపరిహారం చెల్లించడానికి సమ్మతించింది. నమూనా తీసుకున్న నాటి నుంచి ఈ మాట రావడానికి నాలుగున్నర ఏళ్లు పట్టింది. అంతకుముందే, 2018లో, ఫ్రాన్స్ సాఖో లేకుండానే ప్రపంచ కప్ గెలిచింది. ఆ ఏడాది నవంబరులో ఆయన్ను మళ్లీ జాతీయ జట్టులోకి పిలిచారు. పిలుపు వచ్చేసరికి ఆ స్థానాల్లో వేరే తరం కుదురుకుంది.

నాలుగున్నర ఏళ్లు పట్టినా ఆయనకు ఆ మాట దక్కింది. లక్షల పౌండ్ల జీతం ఉండేది, లండన్ న్యాయవాదులు ఉండేవారు, పేరు ఉండేది. మన కుర్రవాళ్లకు ఏముంది? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత హైదరాబాద్‌లో ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కేసులు నిలవలేదు, వాళ్లు విడుదలయ్యారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు కొంత పరిహారం ప్రకటించి చెల్లించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పరిహారం చట్టప్రకారం నిలుస్తుందా లేదా అన్నది న్యాయవాదులు వాదించుకోవలసిన సంగతి. నా బాధ వేరు. డబ్బు మాట అలా ఉంచితే, పట్టుకుపోయినవాళ్లు మిమ్మల్ని పట్టుకోవడం పొరపాటు అని ఆ పిల్లలకు ఒక కాగితం రాసి ఇచ్చారా?

తీర్పు నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని జేబులో మోసుకు తిరిగే యువకుణ్ణి నేనెరుగుదును. కేసు వేరు, ఊరు వేరు. ఉద్యోగానికి వెళ్తే ముందు ఆ కాగితం చూపిస్తాడు, ఇల్లు అద్దెకు అడిగితే చూపిస్తాడు. పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వచ్చినప్పుడు పాత కేసు సంగతి తానే ముందుగా చెప్పుకున్నాడు. కోర్టు పోయిన కళంకాన్ని తీసివేసింది గాని, దాన్ని తీసివేసినట్టు లోకానికి చెప్పే పనిని అతని మీదనే పెట్టింది.

మన సంఘాలు బెయిలు కోసం చందాలు వసూలు చేస్తాయి, జైలు గేటు దగ్గర దండలు వేస్తాయి. ఆ తరువాత ఇంటికి వెళ్లిపోతాయి. పని మొదలు కావలసింది అక్కడే. విడుదలైన ప్రతి వ్యక్తి తీర్పు నకలును ధ్రువీకరించి తీసుకోవాలి. పోలీసు రికార్డులో కేసు కొట్టివేత నమోదైందో లేదో సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగాలి. అరెస్టు వార్తను ఫోటోతో సహా వేసిన పత్రికకు తీర్పు పంపి, అదే పుటలో అంతే పెద్ద అక్షరాలతో వేయమని కోరాలి. వేయకపోతే మళ్లీ పంపాలి. నాకు అనుభవమున్న ఒక పత్రిక మూడో ఉత్తరానికి వేసింది, లోపలి పుటలో, నాలుగు పంక్తులు. ఆ కత్తిరింపును ఆ కుర్రవాడు తీర్పు నకలుతో పాటు అదే కవరులో పెట్టుకున్నాడు.