ఏ ఊరి అప్పలనర్సమ్మ?

చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లలోనే ఎక్కువ. అంగిట్లో పుట్టే క్యాన్సర్‌కూ దానికీ ఉన్న లంకె గురించి 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ తదితరులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. వారిలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటుందని 1971లో ప్రకటించారు. అంతటితో వదల్లేదు. పదేళ్లపాటు అదే మనుషులను మళ్లీ మళ్లీ వెతికి పట్టుకున్నారు.

ఎలా పట్టుకున్నారన్నదే అసలు విశేషం. సింహాద్రి అప్పన్న చలవ వల్ల ఇక్కడ వీధికో అప్పలనర్సమ్మ, ఇంటికో అప్పలరాజు. ఇంటిపేరు, భర్త పేరు, ఇంటి నంబరు సరిగ్గా రాసిపెట్టకపోతే నిరుడు మచ్చ కనిపించిన అప్పలనర్సమ్మ, ఈ ఏడు పుండుతో వచ్చిన అప్పలనర్సమ్మ ఒక్కరేనని ఎవరు చెప్పగలరు? నోరు తెరిపించి చూసిన డాక్టరుకు ఎంత పేరొచ్చినా, రిజిస్టరు రాసినవాళ్లకూ అందులో సగం వాటా దక్కాలి.

ఇప్పుడు విశాఖలో వసతులకు కొరత ఉందనలేం. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎంవీపీ కాలనీలో మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రోగికి ఒకచోట బయాప్సీ, మరోచోట రేడియేషన్ జరగొచ్చు. వీటి మధ్య కాగితాలు మోసేది చాలాసార్లు రోగి కొడుకే, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని. ఒక రిపోర్టు బస్సులో పోయిందంటే పరిశోధనకు ఆ మనిషి లేనట్టే.

క్యాన్సర్ కేసు ప్రతిదీ ప్రభుత్వానికి విధిగా తెలపాల్సిన జబ్బుగా దేశమంతటా ప్రకటించాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2022లో సిఫారసు చేసింది. మంచిదే. కానీ ఫారం నింపే గుమస్తా ఎవరు? మన దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీలు ఎక్కువగా సిబ్బంది ఆసుపత్రులు, ల్యాబులు, మరణ నమోదు కార్యాలయాల చుట్టూ తిరిగి పేర్లు ఏరుకోవడం మీదే నడుస్తున్నాయి. ఉక్కునగరంలో ఇంకో లోటూ ఉంది. ఉక్కు కొలిమికి వాడే కోక్ తయారీ పని క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. రోగి ఏ విభాగంలో, ఎన్నేళ్లు పనిచేశాడో కేసు షీటులో రాయకపోతే, అతని జబ్బుకు ఆ పనే కారణమా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఎన్నటికీ దొరకదు.

వివరాలు చేతులు మారితే రోగి గుట్టు రట్టవుతుందన్న భయం కొట్టిపారేసేది కాదు. అయితే ఆ గుట్టు ఇప్పుడు ఉంటున్నది ప్లాస్టిక్ సంచిలో! అందరికీ ఒకే రోగి నంబరు, ఎవరు చూశారో నమోదయ్యే కంప్యూటరు అంతకంటే నయం. ఒకే అధ్యయనాన్ని మూడు ఆసుపత్రుల నైతిక సంఘాలు మూడుసార్లు చదవనక్కర్లేదు. ఉమ్మడి సమీక్షకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే దారి చూపాయి.

ఇక ఈ ఆసుపత్రుల మధ్య రోగులనూ కాగితాలనూ కలిపి ఉంచే సమన్వయకర్త ఉద్యోగం. దాన్ని ప్రాజెక్టు కాలానికే కట్టేస్తే, గ్రాంటు అయిపోగానే రోగులు ఫోన్ చేసే నంబరూ మూగబోతుంది. కాబట్టి ఆ జీతాన్ని గ్రాంటులో కాదు, ఆసుపత్రి సొంత పద్దులో చూపించాలి. కోరాపుట్, రాయగడల నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు గనుక, ఆ కుర్చీలో కూర్చునే మనిషికి తెలుగుతోపాటు ఒడియా కూడా వచ్చి ఉండాలి.