ఫీజు కట్టారు సరే, గంటలెవరిస్తారు?

మన ఇళ్లలో ఆడవాళ్లు ఏదన్నా నేర్చుకుంటామంటే ముందు వచ్చే ప్రశ్న "ఫీజెంత?" అని. కట్టగలిగితే కట్టేస్తారు. అక్కడితో తమ వంతు అయిపోయిందనుకుంటారు. "రోజుకి ఎన్ని గంటలు కావాలమ్మా, ఆ గంటల్లో నీ పని ఎవరు చూడాలి?" అని అడిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. మా తోడికోడలు డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ పని, అదే డీబీఏ అంటారు కదా, అది నేర్చుకుంటానన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే తంతు.

తను బీఎస్సీ కంప్యూటర్స్. పెళ్లికి ముందు రెండేళ్లు ఉద్యోగం చేసింది. తర్వాత ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ల ఖాళీ. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో తిరిగి, మెట్ల మీద కూడా బోర్డులున్న ఒక చోట చేరింది. నలభై అయిదు రోజుల్లో డీబీఏని చేస్తామన్నారు. చేసిందేమిటంటే రోజూ గంటన్నర బోర్డు మీద కమాండ్లు రాయడం, వీళ్లు నోట్సులోకి ఎక్కించుకోవడం. పద్యాలకి ప్రతిపదార్థం రాసుకుని పరీక్ష గట్టెక్కినదాన్ని కాబట్టి ఆ చదువు ఎలాంటిదో నాకు చూడగానే తెలిసిపోయింది.

అసలు ఈ పనేమిటో నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తన పక్కన కూర్చుని విన్నంతలో చెప్తాను. బ్యాంకులో మన డబ్బు లెక్క, ఆస్పత్రిలో మన రిపోర్టులు, రైలు రిజర్వేషను, అన్నీ ఎక్కడో పట్టికల్లో ఉంటాయి. వాటిని ఎవరు చూడొచ్చో ఎవరు మార్చొచ్చో హద్దులు పెట్టడం, అడిగిన సమాచారం ఆలస్యం లేకుండా వచ్చేలా చూడటం, అన్నిటికంటే ముఖ్యంగా పోతే తిరిగి తేవడం డీబీఏ పని. సమాచారాన్ని ఇలా పట్టికలుగా పేర్చుకోవాలనే ఆలోచన ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన వ్యాసంలోది. ఆ పట్టికలతో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాష కూడా ఆ దశాబ్దంలోనే అక్కడే పుట్టింది. మా తోడికోడలు కాలేజీలో నేర్చిన సెలెక్ట్, జాయిన్ ఇవాళ కూడా అవే. మధ్యలో ఉద్యోగం మానేసిన ఆడవాళ్లకి ఈ దారి మంచిదని నేననడానికి కారణం ఇదే. కంప్యూటర్ చదువుల్లో ఏటేటా పాతబడిపోయేవి చాలా ఉన్నాయి, దీని పునాది మాత్రం యాభై ఏళ్లుగా కదల్లేదు.

ఖర్చు కూడా అనుకున్నంత లేదు. పోస్ట్‌గ్రెస్ పూర్తిగా ఉచితం. మైఎస్‌క్యూఎల్‌లో కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. ఒరాకిల్ వాళ్లు కూడా 12 జీబీ డేటా వరకూ ఉచితంగా వాడుకునే ఎడిషన్ ఇస్తున్నారు. నేర్చుకోవడానికి అది చాలకపోవడమేమిటి! ముందు ఎస్‌క్యూఎల్ చేతికి రావాలి, తర్వాత కాస్త లినక్స్, ఆ తర్వాత బ్యాకప్పులు. ఈ రోజుల్లో అమెజాన్ లాంటి వాళ్ల క్లౌడ్‌లో బ్యాకప్పులు వాటంతటవే జరిగిపోతాయట. అలాంటప్పుడు ఇక డీబీఏ ఎందుకని మా మరిది అడిగాడు. వాషింగ్ మెషీన్ వచ్చాక బట్టల పని లేకుండా పోయిందా అని నేనడిగాను.

బ్యాకప్ తీయడం నోట్సు చూసి నేర్చుకోవచ్చు. తీసినదాంట్లోంచి డేటా వెనక్కి తేవడమే అలా రాదు. గిట్‌ల్యాబ్ అనే కంపెనీ సంగతి తను చెప్తే నేను కూడా చదివాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ దాచుకునే చోటది. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు పక్క సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లోని డేటా చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపినా దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్పుకీ నకళ్లకీ అయిదు ఏర్పాట్లున్నాయి, సమయానికి ఒక్కటీ పనికి రాలేదు. రోజువారీ బ్యాకప్ ఒక వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసి పెట్టిన నకలు ఒకటి దొరికి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయినట్టే. ఇదంతా వాళ్లే దాచకుండా రాసుకున్నారు, అందుకు మెచ్చుకోవాలి.

చదువుతుంటే నాకు సీపీ బ్రౌన్ గుర్తొచ్చాడు. కడపలో బంగళా కొని, పండితుల్ని జీతాలకి పెట్టుకుని తాళపత్రాలకి నకళ్లు రాయించాడు కదా. రాయించి ఊరుకోలేదు, ప్రతుల్ని పక్కపక్కన పెట్టి సరిచూపించాడు. గిట్‌ల్యాబ్‌లో లోపించింది ఆ సరిచూడటమే.

ఇదీ అసలు సంగతి. డేటాబేస్‌ని కావాలని పాడుచేసుకోవాలి, గడియారం పెట్టుకుని దాన్ని లేపాలి, లేవకపోతే ఎందుకు లేవలేదో వెతకాలి. ఇది కుక్కరు విజిళ్లు లెక్కపెట్టుకుంటూ చేసే పని కాదు. డిలీట్ అని రాసి, ఏ వరసలో చెప్పే 'వేర్' రాసేలోపు పిల్లాడొచ్చి పెన్సిల్ చెక్కమన్నాడనుకోండి, పట్టిక మొత్తం ఖాళీ. మైఎస్‌క్యూఎల్‌లో అయితే మామూలుగా ప్రతి మార్పూ అప్పటికప్పుడే ఖాయమైపోతుంది, రోల్‌బ్యాక్ అన్నా వెనక్కి రాదు. ఇంట్లో అయితే మళ్లీ చేసుకోవచ్చు. అలవాటు పడాల్సింది ఆఫీసులో చేయబోయే చేతులే కదా. రెండు మూడు గంటలు కదలకుండా కూర్చుంటే తప్ప ఒక్క రీస్టోరు పూర్తి కాదు. మన ఇళ్లలో మగపిల్లాడు పరీక్షకి కూర్చుంటే టీవీ శబ్దం తగ్గిస్తాం. కోడలు కూర్చుంటే "ఇంట్లోనే ఉన్నావుగా" అంటాం.

మా అత్తయ్యగారూ అదే అన్నారు. "అంత ఫీజు కట్టారు కదే, ఇంకా ఏం కావాలట?" అని. ఆవిడ కోపంతో అన్న మాట కాదది, నిజంగానే అర్థం కాలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఇప్పుడు ఆదివారాలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా తన గది తలుపు మూసి ఉంటుంది. పిల్లల హోంవర్కు మా మరిది చూస్తాడు. ఉప్మాలో ఉండలు కడుతున్నా ఎవరూ నోరెత్తడం లేదు. మొదట్లో మూడు గంటలు పట్టిన రీస్టోరు ఇప్పుడు నలభై నిమిషాల్లో అవుతోందని తను మొన్న లెక్క చూపించింది.

ఇంకొక మాట తేలాల్సి ఉంది. "ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం, ఆడవాళ్లకి హాయి" అని చెప్పేవాళ్లు రాత్రి డ్యూటీల సంగతి చెప్పరు. మార్పులు, మరమ్మతులు జనం పడుకున్నాకే చేస్తారు. వంతు వచ్చిన వారం అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగినా లేవాలి. ఆ రాత్రి చంటిదానికి జ్వరమైతే ఎవరు లేస్తారు? పొద్దున్నే క్యారేజీలు ఎవరు కడతారు? ఉద్యోగం వచ్చాక చూసుకుందాం అన్నాడు మా మరిది. ఇంటర్వ్యూకి వెళ్లకముందే తేల్చుకోండి అన్నాను నేను. ఈ శనివారం పిల్లలు పడుకున్నాక కూర్చుని మాట్లాడుకుంటామన్నారు.