జమీన్ కింది నక్షా ఎవరి అమానత్?

హెలికాప్టర్ ఆస్మాన్ నుంచే జమీన్ కింది నీళ్లు చూసేస్తుందని కొందరు దోస్తులు అంటుంటారు. నిజానికి ఇందులో కరామత్ ఏమీ లేదు, ఇల్మ్ ఉంది.

హెలికాప్టర్ కింద పెద్ద తీగచుట్ట వేలాడదీసి, నేలకు సుమారు 30 మీటర్ల ఎత్తున తిప్పుతారు. చుట్టలో కరెంటు పారించి టక్కున ఆపేస్తారు. ఆ ఝట్కాకి భూమిలో సన్నటి కరెంట్లు పుట్టి, క్షణంలో చల్లారిపోతాయి. అవి చల్లారే తీరును ఇంకో చుట్ట పసిగడుతుంది. బంకమట్టి, ఉప్పునీళ్లు కరెంటును సులువుగా పారనిస్తాయి. గట్టి రాయి, ఎండిన ఇసుక పారనివ్వవు. ఆ ఫరక్ నుంచే వందల మీటర్ల లోతు దాకా నక్షా తయారవుతుంది. అంటే మెషీన్ చూసేది నీళ్లను కాదు, కరెంటు నడకను. అక్కడున్నది నీళ్లా, బంకమన్నా అని తేల్చాలంటే బోరు లెక్కలతో పోల్చాల్సిందే.

ఈ పనిలో మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ముందుంది. ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగా, యమునల మధ్య పూడిపోయిన 45 కిలోమీటర్ల పాత నదిని ఇలాగే కనిపెట్టింది. 2021 అక్టోబర్‌లో జోధ్‌పూర్ నుంచి రాజస్థాన్, గుజరాత్, హర్యానా ఎండు ప్రాంతాల సర్వే మొదలైంది.

మన తెలంగాణ, రాయలసీమ రాతి నేలల కథ వేరు. గ్రానైట్‌లో నీళ్లు సన్నటి పగుళ్లలో దాగుంటాయి. లోతున ఉన్న అంత సన్న పగులును పైనుంచి పట్టడం ముష్కిల్. కాబట్టి హెలికాప్టర్ వస్తే కష్టాలు తీరిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. పైన మెత్తబడ్డ రాతిపొర ఎక్కడ మందంగా ఉందో తెలిసినా మనకు చాలా ఫాయిదా.

జర్నలిస్టుగా నేను ఎండిన బోర్ల ఊళ్లు ఎన్నో తిరిగాను. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసే ఆయనకు పైసలిచ్చి, రిగ్గుకు కర్జా చేసి, బీబీ మెడలో లచ్చా కుదువపెట్టి, చివరికి పొడి దుమ్ము లేస్తే ‘నసీబ్’ అని ఊరుకునే వాళ్లను చూశాను. అందుకే నా రాయ్ ఒక్కటే: సర్కారీ ఖజానా పైసలతో గీసిన నక్షా ఆవామ్ అమానత్. రిగ్గు లారీ కంటే ముందే అది ఊరికి చేరాలి, రైతు చదవగలిగే జబాన్‌లో.

నక్షాతో పాటు ఎంత తోడొచ్చో హిసాబ్ కూడా చెప్పాలి. లేదంటే పెద్ద మోటారున్న వాడే ముందు లాగేస్తాడు. పొలం గట్టు పైనే ఉంటుంది, కింద నీళ్లకు గట్టు లేదు. గ్రామసభలో ఈ సవాల్ అడగడం మన హక్.