రిజిస్ట్రేషన్ ఉంది, పై అంతస్తుకు అనుమతి ఏదీ?

పటాన్‌చెరు: పారిశ్రామికవాడకు పనికోసం వచ్చేవారికి అద్దె గదులు కావాలి. అందుకే బీరంగూడ, ఇస్నాపూర్, బొల్లారం ప్రాంతాల్లో ఒక అంతస్తుకు అనుమతి పొందిన ఇళ్లపై మరో రెండు లేపడం, దుకాణం కోసం కింద గోడ తీసేయడం మామూలైపోయింది. పి.ఎఫ్. సొమ్ము పెట్టి అలాంటి ఇల్లు కొన్న కార్మికుడే చివరకు చిక్కుల్లో పడుతున్నాడు.

రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను రశీదు, కరెంటు మీటరు ఉన్నాయి, ఇక భయమేమిటని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. రిజిస్ట్రేషన్ ఇల్లు చేతులు మారిన సంగతినే నమోదు చేస్తుంది గాని, కట్టడం సక్రమమని చెప్పదు. పన్ను కట్టినంత మాత్రాన అక్రమం సక్రమం కాదు. 2015లో ప్రకటించిన క్రమబద్ధీకరణ పథకం కూడా ఆ ఏడాది అక్టోబరు 28 నాటికి కట్టినవాటికే పరిమితం. నివాసయోగ్య పత్రం చూశాకే బ్యాంకులు రుణమివ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే రేపు అమ్మబోయినా, కొనేవారికి అప్పు పుట్టడం కష్టమే.

అన్నిటికంటే ప్రాణం ముఖ్యం. ఒక అంతస్తుకని వేసిన పునాది మూడింటి బరువు మోస్తుందన్న హామీ లేదు. 2025 మార్చి 26న భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న ఆరంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు మరణించారు. పాత కట్టడంపైనే అంతస్తులు లేపారని అప్పట్లో వార్తలు వచ్చాయి.

కాబట్టి బయానా ఇవ్వకముందే ఆమోదించిన ప్లాను అడిగి, ఇంటితో సరిచూసుకోవాలి. పునాది, పిల్లర్లు ఇంజనీరుకు చూపించాలి. ఇంటి ధరలో ఆ ఖర్చు ఏపాటిది? అదనపు స్లాబుకు సెంట్రింగు కట్టిననాడు అటువైపు చూడని అధికారులు, కొన్నవాడు కాపురం పెట్టాక నోటీసు అంటిస్తే ఏం ప్రయోజనం?