వాన పలక

ఈ పత్రికలో ఎరువులను గూర్చి, విత్తనములను గూర్చి, పురుగు మందులను గూర్చి తెలిసిన పెద్దలు వ్రాయుచుందురు. నేను వ్రాయబోవునది అట్టిది కాదు. మార్కాపురము నుండి కంభము పోవు దారికి కొంచెము లోపలగా ఉన్న ఒక మెట్ట గ్రామములో, డిగ్రీ చదివి ఇంటికి తిరిగి వచ్చిన ఒక కుర్రవాడు తీరిక వేళ ఏమి చేయుచున్నాడో చెప్పుటయే నా ఉద్దేశము. అది వట్టి కాలక్షేపమని తోచినవారు ఈ పుట త్రిప్పివేయవచ్చును.

ముందుగా నా దినచర్య. తెల్లవారుజామున రెండు గేదెలకు మేత వేసి, పాలు పోసి వత్తును. తరువాత చేను. మాకు నాలుగెకరముల ఎర్రనేల, ఎకరమున్నర నల్లనేల ఉన్నవి. ఎక్కువ భాగము కంది, కొంత సజ్జ. మధ్యాహ్నము వేపచెట్టు నీడ, సాయంత్రము బడి వెనుక బయలులో క్రికెట్టు, రాత్రి ఫోనులో పాత పాటలు. క్రికెట్టుకు పూర్వము ఇరువది మంది చేరెడివారము. ఇప్పుడు రెండు పక్షములు చేయవలెనన్న తొమ్మిదవ తరగతి పిల్లలను బ్రతిమాలుకొనవలెను. తక్కినవారు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నారు. సంక్రాంతికి వచ్చి, మూడు రోజులుండి పోదురు.

నేనును బెంగుళూరులో పదకొండు నెలలు ఒక సరకుల గోదాములో పనిచేసితిని. నాయనకు మోకాలి నొప్పి ముదిరినప్పుడు వచ్చితిని, ఇక పోలేదు. నా యిష్టముతోనే ఉండిపోయితినని ఊరిలో నమ్మినవారు తక్కువ. ఉద్యోగము ఊడినదేమోనని కొందరు, చెడు సావాసములేమోనని కొందరు. సంబంధములు చూచువారు కూడ, "పిల్లోడు మంచోడే గానీ సేద్యం జేస్తన్నాడంట" అని ఊరుకొందురు. ఇది నా ఒక్కని గోడు కాదని ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు తెలియును.

ఇక నా సరదా. నేను వానను కొలుతును.

మార్కాపురము పలకలకు పేరు. చట్రము బిగించిన మార్కాపురము పలక పట్టి అక్షరములు దిద్దినవారు ఈ పత్రిక చదువువారిలో ఎందరో ఉందురు. నోటు పుస్తకములు వచ్చిన తరువాత బడి పలకకు గిరాకి పడిపోయినది. ఇప్పుడా రాయి ఎక్కువగా గోడలకు, నేలలకు పోవుచున్నది. మా పెదనాయన పలకల కార్ఖానాలో పనిచేసిన రోజులలో తెచ్చిన పెద్ద పలక ఒకటి మా అటక మీద ఉండెను. 2022 వేసవిలో దానిని దింపి, వసారా గోడకు మేకు కొట్టి తగిలించితిని. చేని గట్టున ఒక గుంజ పాతి, పైనుండి అడుగు వరకు ఒకే వెడల్పుగా ఉన్న రేకు డబ్బాను దానికి బిగించితిని. డబ్బా వెడల్పు ఎంతయైనను ఫరవాలేదు. గోడలు నిలువుగా ఉన్నచో, అందులో నిలిచిన నీటి లోతే పడిన వాన. అయితే చెట్టుకుగాని ఇంటికిగాని దగ్గరగా పెట్టరాదు. ఆ చెట్టెంత ఎత్తో, దానికి రెట్టింపు దూరమైన ఉండవలెను. ఉదయము ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూచి, మిల్లీమీటర్ల లెక్క పలక మీద వ్రాసి, నీరు పారబోసి వత్తును. వాతావరణ శాఖవారి దినము కూడ ఎనిమిదిన్నరకే మారును. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడిననే వారు దానిని వాన దినముగా లెక్కింతురు.

ఇది చూచి మా వీధిలో నవ్వనివారు లేరు. "ఏందిరా, కొలిస్తే ఇంకొంచెం పడుద్దా?" అని మా పెదనాయనే అడిగెను. దానికి నా వద్ద సమాధానము లేకపోయెను, ఇప్పుడును లేదు.

అయితే ఒక లెక్క మాత్రము నన్ను కట్టివేసినది. ఒక ఎకరము మీద ఒక్క మిల్లీమీటరు వాన పడినచో అది సుమారు 4,000 లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్లు పడినచో లక్ష లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లతో తోలవలెనన్న ఎకరమునకు ఇరువది ట్యాంకర్లు! బోర్లు ఎండిన సంవత్సరములలో బత్తాయి తోటలను బ్రతికించుకొనుటకు ట్యాంకరు వెంట ట్యాంకరు తోలి అప్పులపాలైన రైతులు మా వైపున్నారు. ఒక్క రాత్రిలో పడి పోవు వాన విలువ వారికి చెప్పనక్కరలేదు.

మొదటి సంవత్సరమే నా గర్వము దిగినది. ఆ విషయము దాచిన ఈ వ్యాసమునకు అర్థము లేదు.

ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రము గాలితో కూడి అరగంట వాన దంచినది. మరునాడు డబ్బాలో 31 మిల్లీమీటర్లు. ఇక విత్తవలసినదేనని పట్టుబట్టితిని. నాయన పార తీసికొని ఎర్రచేనిలో మూడు చోట్ల త్రవ్వి చూచి, "బెత్తెడు గూడా దిగలా. వంకలో బోయింది నీళ్లంతా" అనెను. చేను వాలుగా ఉన్నది, వాన వడిగా కురిసినది, నేల త్రాగుటకు వ్యవధి లేకపోయినది. అదంతయు నాకు ఇప్పుడు తెలిసిన సంగతి. అప్పుడు మాత్రము 31 అను అంకె నా కన్నులకు అడ్డము వచ్చినది. ట్రాక్టరు మాట్లాడి రెండెకరములలో కంది విత్తించితిని. నాయన అడ్డు చెప్పలేదు. మొలకలు రెండాకులు వేసి, పదహారు రోజులు చినుకు లేక మాడిపోయినవి. విత్తనము ఖర్చు పెద్దది కాదు, ఎకరమునకు రెండు మూడు కిలోలే. పోయినది ట్రాక్టరు బాడుగ, అంతకంటె ముఖ్యముగా మూడు వారముల అదను. తిరిగి విత్తిన కంది ఆలస్యమై, పూత వేళకు మబ్బులు పట్టి, మారుకా మచ్చల పురుగు పూతను గూళ్లు కట్టినది.

పలక తీసివేయుదుమనుకొంటిని. నాయన తీయనీయలేదు. "ఒక గీత గీసి, పక్కన పదును గూడా రాయి" అనెను. అప్పటినుండి మా పలకకు రెండు వరుసలు. ఒక వైపు డబ్బాలోని మిల్లీమీటర్లు, రెండవ వైపు పార చెప్పిన లోతు, బెత్తెలలోను జానలలోను. మూడు సంవత్సరములు పోల్చి చూచిన తరువాత కొన్ని సంగతులు తేలినవి. నెమ్మదిగా రాత్రంతయు పడిన 20 మిల్లీమీటర్లు, దంచి కొట్టిన 30 మిల్లీమీటర్లకంటె మా ఎర్రచేనిలో లోతుగా దిగును. అదే వాన నల్లచేనిలో సగము లోతుకూడ దిగదు, గాని ఎక్కువ దినములు నిలుచును. దుక్కి చేసిన చాలులు వాలుకు అడ్డముగా ఉన్న మడిలో పదును ఒక బెత్తెడు ఎక్కువ. ఇవి శాస్త్రజ్ఞులకు కొత్త సంగతులు కావు, నాయనకును కొత్త కావు. అయితే ఏ మడిలో ఎంత అనునది వ్రాసిననేగాని నా తరమువానికి నిలువదు.

2023 ఆగస్టు మాసము జ్ఞాపకమున్నది గదా. దేశము మొత్తము మీద 1901 నుండి లెక్కలున్న ఆగస్టులన్నింటిలో అంత తక్కువ వాన ఎన్నడును లేదు. మా పలక మీద ఆ నెలలో ఎక్కువ భాగము సున్నలే. సున్నలు వ్రాయుట విసుగు. కాని ఆ సున్నలే మాకు ఉపయోగపడినవి. వాన వెలిసి పన్నెండవ దినమని చూచి, ఇక ఆగక కందిలో గుంటక తోలితిమి, వారము గడచి మరల తోలితిమి. పైమట్టి పొడియై నెర్రెలు మూసికొన్నవి, లోపలి చెమ్మ నిలిచినది. లెక్క లేకున్నచో "మొన్ననే గదా పడింది" అని కూర్చుండెడివారము. మూడు మైళ్ల దూరములోని ఊరిలో మాత్రము ఆ నడుమ ఒకనాడు మంచి జల్లు పడినది. మండలమంతటికి ఒక అంకె వేసినచో, వారి తడియు మా పొడియు కలిసి ఏ ఊరిదియు కాని వాన ఒకటి తయారగును.

ఇక్కడ గ్రామోద్యోగులకు ఒక మాట. కరవు మండలములను నిర్ణయించునప్పుడు మొత్తము వర్షపాతముతోపాటు వానకు వానకు నడుమ వచ్చిన ఎడమును కూడ చూచుచున్నారు. మా పలక చూచి ఆ లెక్కలు మార్చవలెనని నేననుట లేదు. రైతు కట్టిన డబ్బా ప్రభుత్వపు కొలత కాజాలదు. కాని ప్రతి రైతు సేవా కేంద్రము గోడకు ఒక నల్లపలక, దగ్గరలో ఒక డబ్బా, ఊరిలో ఎర్రనేల రైతు ఒకరు, నల్లనేల రైతు ఒకరు చెప్పిన పదును, ఇంతే వ్రాసియుంచినచో విత్తువేళ ఎందరికో తొందరపాటు తప్పును. ఖర్చు వందల రూపాయలలోనిది. ఆ పని ఊరి కుర్రవాండ్ర కప్పగించిన వారు చేయుదురు. అడిగినవారెవరును లేరు.

తోటి స్నేహితులతో ఒక ఆదివారము మోటారు సైకిళ్లమీద కంభము చెరువునకు పోయితిమి. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి ఆ చెరువును కట్టించినది వరదరాజమ్మ అని ప్రతీతి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తింపు వచ్చినది. అందరును ఫోటోలు తీసికొనుచుండగా, నేను తూము వద్ద నీటిమట్టపు గుర్తులు చూచుచు నిలుచుంటిని. వారు నన్ను పిచ్చివాడనిరి. ఆ కట్ట వేసినవారు ఏ వంకలో ఎంత నీరు వచ్చునో చూడకయే వేసియుందురా అని నాకు తోచినది. మేము కట్టమీద బజ్జీలు తిని వచ్చితిమి.

వెలిగొండ నీరు వచ్చినచో ఈ గోల తీరునని కొందరందురు. రావలెను, తప్పక రావలెను. ఈ ప్రాంతపువారు త్రాగు నీటిలోని ఫ్లోరైడుతో పడిన బాధకైనను రావలెను. కాని కాలువకు పైన మిగిలిపోవు మెరక చేలు చాల ఉన్నవి, మాదియు అందులోనిదే. వానికి వానయే దిక్కు.

పెద్దలతో నాకొక చిన్న తగవు మిగిలియున్నది. కుర్రవాడు నాలుగు గంటలు ఫోను చూచుచు కూర్చున్న ఎవరును ఏమియు అనరు. డబ్బాలో నీరు కొలిచినను, పిట్టల పేర్లు వ్రాసికొన్నను, పాత విత్తనములు సీసాలలో దాచినను పనికిమాలినవాడందురు. పల్లెలో నిలిచిన నలుగురికి కూలి గిట్టుబాటు ఎంత అవసరమో, చేనితో తనకు తానై పెట్టుకొన్న ఒక పేచీ కూడ అంత అవసరము. నన్ను బెంగుళూరు బస్సు ఎక్కనీయక నిలిపినది, నిజము చెప్పవలెనన్న, కంది ధర కాదు.

మొన్న బలపములు అయిపోయి మార్కాపురము బజారులో కొనబోయితిని. "ఎన్నో తరగతి నాయనా, మీ పిల్లోడు?" అని కొట్టాయన అడిగెను. నాకింకను పెండ్లి కాలేదంటిని. మరి బలపములెవరికని అడిగెను. "మా నాయనకి" అంటిని. ఈ మధ్య వాన పడిన తెల్లవారి నాకంటె ముందుగా ఆయనే డబ్బా వద్దకు పోవుచున్నాడు. అంకెలు మాత్రము కొంచెము వంకరగా వ్రాయును.