కుడి పేజీ, ఎడమ పేజీ

మన హాస్టల్లో మూడేళ్ళుగా చేతులు మారుతున్న నోటుబుక్కు సంగతి విద్యార్థి మిత్రులకు కొత్త కాదు. లెక్చరర్లలో కొందరికి మాత్రం ఈ మధ్యే తెలిసింది. తెలిసిన తీరు బాగాలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ఎరగని పూర్వ విద్యార్థుల కోసం ముందుగా చెబుతాను. అది 200 పేజీల రూళ్ళ పుస్తకం. కుడి పేజీలో ఎవరి కథ వాళ్ళు రాసుకోవాలి. కథంటే కల్పన కాదు, సొంత బతుకు. ఎడమ పేజీ ఖాళీగా వదలాలి. చదివినవాళ్ళు తమకు తోచింది అందులో రాస్తారు. రెండు పుస్తకాలు నిండాయి, మూడోది నడుస్తోంది. వీటిలోంచి 12 పేజీలు ఏరి వచ్చే ఏడాది సావనీరులో అచ్చు వేద్దామని యూనియన్ మీటింగులో ప్రతిపాదన వచ్చింది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పే ముందు ఆ పుస్తకం మాకేమిచ్చిందో చెప్పడం న్యాయం.

మాలో చాలామందిమి అవుకు, కోవెలకుంట్ల, సంజామల వైపు నల్లరేగడి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. ఇంటి కష్టం నోటితో చెప్పుకోవడం మాకు చేతకాదు. చెబితే నామర్దా. ఒకడు రెండో సంవత్సరంలో చదువు మానేసి బెంగుళూరుకు పనికి పోతానని కుడి పేజీలో రాశాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, శనగల మీద వచ్చిన డబ్బు అప్పులకే చాలలేదు. మరునాటికి ఎడమ పేజీ నిండిపోయింది. అందులో ఓదార్పు మాటలు రెండే. తక్కినదంతా పనికొచ్చే రాత: ఏ కాగితం లోపించి ఉంటుంది, ఎవర్ని అడగాలి, రెండు నెలల మెస్ బిల్లు ఎవరెవరు సర్దుతారు. వాడిప్పుడు ఫైనలియర్. నలుగురి ఎదుట నోరు విప్పమంటే చచ్చినా చెప్పేవాడు కాడు. కాగితానికైతే చెప్పుకున్నాడు.

ఇదేమంత వింత కాదు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను 1952 నుంచి దశాబ్దాలపాటు నడిపారు. ఇంట్లో చెప్పుకోలేని సంగతులను ఎక్కడో మద్రాసులో ఉన్న ఆమెకు ఆడవాళ్ళు ఉత్తరాల్లో రాసుకునేవారు. నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి ఇంకా గొప్పది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివారు. ఇది మన ఇంటి కథే గదా అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఊళ్ళో సారా అంగడి మూయించారు. వాళ్ళు చేసిన పని 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై తక్కిన ఊళ్ళకు పోయింది. 1992లో జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నీ కథా నా కథా ఒకటేనని తెలిస్తే మనుషులకు అంత బలం వస్తుంది.

అయితే ఎడమ పేజీకి ఒక రుచి ఉంది. అది మరిగితే కష్టం. ఏ కథకు ఆ పేజీ నిండుతుందో మావాళ్ళు త్వరలోనే పసిగట్టారు. ఏడుపు కథకు నిండుతుంది. సంతోషంగా రాసినవాడికి "బాగుంది" అని ఒక్క ముక్క. ఇంకేం, పోటీ మొదలైంది. ఒకడు తన అవ్వ చనిపోయిన వైనం నాలుగు పేజీలు రాస్తే హాస్టలంతా కన్నీళ్ళు పెట్టుకుంది. నెల తిరక్కముందే ఆ అవ్వ అవుకు బస్టాండులో తమలపాకులు బేరమాడుతూ నాకు కనిపించింది. బాగుండావా అవ్వా అని పలకరిస్తే, "ఏం బాగు నాయనా, మోకాళ్ళ నొప్పులు" అంది.

దీన్ని నవ్వుకుని వదిలేయవచ్చు. పేరు లేకుండా ఎడమ పేజీలో రాసే వెక్కిరింతలను అట్లా వదల్లేం. కులమెత్తి రాసినది ఒకటి చూశాను. దాని మీద తెల్లకాగితం అంటించారు గానీ, వెలుతురుకు పట్టి చూస్తే ఇప్పటికీ కనబడుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. మన బతుకు మన ఒక్కరిదే కాదు. ఒక మిత్రుడు వాళ్ళ అక్క పెళ్ళి రెండుసార్లు ఎందుకు తప్పిపోయిందో రాశాడు. వాడి బాధ నిజం. మా అంతస్తులో ఇరవైమంది చదివే పుస్తకమని నమ్మి రాశాడు. ఎవరో ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి స్టేటస్ పెట్టారు. సాయంత్రానికి అది వాళ్ళ ఊరు చేరింది. వాళ్ళ నాయన పొద్దున్నే వచ్చి, లోపలికి కూడా రాకుండా గేటు దగ్గరే నిలబడి, "ఇంటి గుట్టు వీధిన పెట్టినావు గదరా" అన్నాడు. చూడ్డానికి వస్తామన్న మూడో సంబంధం వాళ్ళు రాలేదు. వాడికి కుడి పేజీ ఉంది, మాకు ఎడమ పేజీ ఉంది. ఆ అక్కకు ఏ పేజీ ఉంది?

మంచి రాతలు మరుగున పడిపోతాయి గదా అని మిత్రులు అంటున్నారు. దూబగుంట ఉదాహరణను నా మీదికే తిప్పారు. కానీ అక్కడ పాఠంగా వేసింది ఆడవాళ్ళు కలిసి చేసిన పనిని. ఏ ఇంట్లో ఏ రాత్రి ఏం జరిగిందో ఏరి వేయలేదు. ఇంకో సంగతి. 1944 మార్చిలో, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు భద్రపరచండని డచ్చి మంత్రి ఒకరు లండన్ నుంచి రేడియోలో చెప్పారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కుని ఉన్న ఆన్ ఫ్రాంక్ అది విన్నది. అచ్చుకు ఇవ్వాలనుకున్నా, ఉన్న డైరీని ఉన్నట్టు ఇవ్వాలనుకోలేదు. విడి కాగితాల మీద మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. తనతో దాక్కున్నవాళ్ళకు వేరే పేర్లు అనుకుంది. పదిహేనేళ్ళు నిండని పిల్లకు తోచినది మన యూనియన్‌కు తోచకపోతే ఎట్లా? రాసినవాడు తన చేత్తో తిరగరాసి, అందులో ఉన్నవాళ్ళను అడిగి ఇస్తే వేయండి. లేదంటే ఆ 12 పేజీలు ప్రకటనలకు ఇచ్చుకోండి. విత్తనాల అంగళ్ళవాళ్ళు సంతోషంగా డబ్బు కడతారు.

అసలు పుస్తకమే ఉండకూడదంటున్న లెక్చరర్లతోనూ నేను ఏకీభవించను. ఎవడో పడ్డాడని ఊరబావి పూడ్చుకోం గదా, చుట్టూ గోడ కట్టుకుంటాం. పుస్తకం చదివే గదిలోకి ఫోను తేకూడదు. ఎడమ పేజీలో రాసినవాడు కింద సంతకం పెట్టాలి. తన పేజీ చింపుకునే హక్కు రాసినవాడికి ఎప్పుడూ ఉండాలి. ఈ మూడూ పెడితే చాలు.

నిండిన రెండు పుస్తకాలూ ఇప్పుడు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఏప్రిల్‌లో నేను వెళ్ళిపోతాను. ఆలోపు వచ్చి ఎవరి పేజీలు వాళ్ళు చింపుకుని పోవచ్చు. మిగిలినవి ఎవరికి అప్పగించాలో యూనియన్ తేల్చాలి. యూనియన్ ఆఫీసు బీరువాకు మాత్రం ఇవ్వను. దాని తాళాలు ఎంతమంది దగ్గరున్నాయో మనందరికీ తెలుసు.